వద్దన్నా చెప్పండి

మనిషి అసలు నడక ఇంటర్వ్యూ అయిపోయాకే బయటపడుతుందని మేస్త్రి నమ్మకం. గదిలోకి వచ్చేటప్పుడు అందరూ ఒకేలా వస్తారు. వీపు నిటారుగా, అడుగు తేలిగ్గా, ముఖాన ఇంటిదగ్గర సాధన చేసి తెచ్చుకున్న నవ్వు. లేచి, కుర్చీ వెనక్కి జరిపి, తలుపు దాకా వెళ్ళే ఆ కాస్త దూరంలో మాత్రం ఎవరి నడక వాళ్ళకు తిరిగి వచ్చేస్తుంది. కొందరి భుజాలు అక్కడే దిగిపోతాయి. కొందరు తలుపు ఎటు లాగాలో మరిచిపోతారు. నడకలు చూడటం ఆయన వృత్తి. కాలు పోయినవాళ్ళకు కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో ప్లాస్టర్ గది ఆయన చేతికింద ఉంది. అందరూ ఆయన్ని మేస్త్రి అనే పిలుస్తారు, భార్యతో సహా. కాకపోతే ఆమె పిలుపులో కాస్త ఎకసెక్కెం కలుస్తుంది.

ఆ మంగళవారం నలుగురు వచ్చారు. యజమాని తన గదిలో అడగాల్సినవి అడిగి, ఒక్కొక్కరినే ప్లాస్టర్ గదికి పంపాడు. బెంచీ మీద నాలుగు అచ్చులు ఇనప గొట్టాలకు గుచ్చి, వైసుల్లో బిగించి ఉన్నాయి. మోకాలి కింద తెగిపోయిన కాలికి తడి ప్లాస్టర్ కట్టు చుట్టి, ఆరాక ఊడదీసి, ఆ బోలులో మళ్ళీ ప్లాస్టర్ పోస్తే, మిగిలిన కాలి రూపం తెల్లగా బయటికొస్తుంది. దానిమీద ఓవెన్‌లో వేడెక్కి మెత్తబడ్డ ప్లాస్టిక్ షీటు పరిచి తొడుగు చేస్తారు. ఈ రెంటి మధ్య ఉంది అసలు పని. బరువు ఓర్చుకునే మెత్తని చోట్ల ఆకురాయితో అరగదీయాలి. ఎముక పైకి పొడుచుకొచ్చిన చోట్ల కాస్త ప్లాస్టర్ అద్ది ఎత్తు చేయాలి. అప్పుడే తొడుగులో ఆ ఎముకకు ఊపిరాడేంత జాగా మిగులుతుంది. ఎంత తీయాలో, ఎంత అద్దాలో కొలతలు చెబుతాయి గానీ, చెయ్యి ఒప్పుకోవాలి.

ఆ అచ్చులు పరీక్ష కోసం పెట్టినవని యజమాని అందరికీ చెబుతాడు. అది నిజం కాదు. నాలుగూ నలుగురు మనుషుల కాళ్ళు. పని పేరుకుపోయినప్పుడల్లా వర్క్‌షాపులో ఇంటర్వ్యూలు జరుగుతాయి. వచ్చినవాళ్ళు పరీక్ష కదా అని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తారు. చిన్న చిన్న లోపాలుంటే మేస్త్రి సరిచేసి ఓవెన్ గదికి పంపుతాడు. ఉద్యోగం మాత్రం ఎవరికీ రాదు. ఎందుకంటే అక్కడ ఉద్యోగమనేదే లేదు.

యజమాని చెడ్డవాడేం కాదు. లేనివాళ్ళ దగ్గర సగం ధరే తీసుకుంటాడు, ఆ మిగతా సగం ఎక్కడో ఒకచోట పూడాలి కదా అంటాడు. ఈ పద్ధతి మొదలైనప్పుడు తను ఏమన్నాడో మేస్త్రికి గుర్తు లేదు. బహుశా ఏమీ అనలేదేమో. అలవాటు మనిషి మెడ పట్టుకుని వంచదు, పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా కబుర్లు చెబుతుంది. ఇంటర్వ్యూ ముగిసేటప్పుడు అనే మాట కూడా అలవాటు ప్రకారం ఒకటే. మేమే కబురు చేస్తాం.

నాలుగో మనిషి ఒకావిడ, నలభై దాటి ఉంటుంది. చేతిలో ఆకుపచ్చ గుడ్డసంచి. పనిచేసిన వర్క్‌షాపు మూతపడితే, అప్పటినుంచీ కుర్చీలకు అల్లిక అల్లుతోందట. ఆ మాట ఆమె చెప్పకపోయినా వేళ్ళు చెప్పేవి. చూపుడువేళ్ళ పక్కన పేము బద్ద కోసిన గీతలు నల్లబడి ఉన్నాయి. సంచిలోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన ఆకురాయి ఒకటి బయటికి తీసింది. పిడి చెయ్యి పట్టి పట్టి సన్నబడిపోయిన ఆకురాయి.

"సొంతవి వద్దమ్మా," అన్నాడు యజమాని గుమ్మంలోంచి. "అందరికీ ఒకే సామాను. లేకపోతే పోల్చడం కుదరదు."

ఆమె దాన్ని మళ్ళీ చుట్టి సంచిలో పెట్టుకుంది. బెంచీ మీది ఆకురాయి పళ్ళు అరిగిపోయాయని మేస్త్రికి తెలుసు. ఆమెకూ మొదటి గీతలోనే తెలిసిపోయింది. ఒక్కసారి తలెత్తి ఆయన్ని చూసి, ఇనప బ్రష్షు అందుకుని, పళ్ళలో ఇరుక్కున్న పాత పొడి దులిపి, మళ్ళీ మొదలుపెట్టింది. మోకాటిచిప్ప కింద అరగదీసేటప్పుడు ప్రతి కొన్ని గీతలకూ ఆగి బొటనవేలితో తడిమి చూసేది. రబ్బరు గిన్నెలో ప్లాస్టర్ కలిపి, ఎముక చోట్ల అద్ది, చివర్లో తడి జాలీముక్కతో రుద్ది నునుపు చేసింది. ఆ నునుపు చేయడంలో చాలాసేపు గడిపింది.

యజమాని వచ్చి అచ్చు చుట్టూ తిరిగాడు. "ఏమైనా అడగాలా అమ్మా?"

ఇంటర్వ్యూలో మేస్త్రికి ఇష్టమైన ఘట్టం ఇదే. అంతకుముందు వచ్చిన ముగ్గురిలో ఒకడు జీతమెంతని అడిగి, జవాబు పూర్తికాకుండానే సరే అన్నాడు. ఇంకొకడు యజమాని చెయ్యి పట్టుకుని ఎంతసేపు ఊపాడంటే చొక్కా చేతుల మీది ప్లాస్టర్ పొడి అంతా ఎగిరింది. మూడోవాడు తన మామయ్య యజమానికి తెలుసని చెప్పాడు. ఏ మామయ్యో ఇద్దరికీ తేలలేదు.

ఈమె మాత్రం అప్పటికే గిన్నె కడుగుతోంది. ప్లాస్టర్ గట్టిపడకముందే గిన్నె కడగాలి, లేకపోతే తర్వాతివాళ్ళకు పని. చేతులు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది.

"రెండున్నాయండీ. ఈ కాలు ఎవరిది?"

యజమాని నవ్వాడు. "ఎవరిదీ కాదమ్మా. పరీక్ష కోసం పెట్టింది."

"ఓహో. ఎవరిదో తెలిస్తే చెయ్యి ఇంకోలా నడుస్తుందండీ, అందుకడిగా. రెండోది, ఎప్పటికి చెబుతారు?"

"మేమే కబురు చేస్తాం."

"ఎప్పటికండీ?" అంది మళ్ళీ. గొంతులో గట్టితనం లేదు, బతిమాలడమూ లేదు. బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది.

యజమాని మేస్త్రి వైపు చూశాడు. "శుక్రవారం లోపు," అన్నాడు మేస్త్రి. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు.

"సరేనండీ. వద్దనుకున్నా చెప్పండి. వద్దన్న మాట కూడా నాకు పనికొస్తుంది, ఇంకోచోట వెతుక్కోవచ్చు. ఏ మాటా రాకపోతేనే మనిషి ఎటూ కదల్లేడు." సంచి భుజాన వేసుకుని, "పని చేయించినందుకు థాంక్సండీ. చాలా రోజులైంది చేతికి ప్లాస్టర్ తగిలి," అని వెళ్ళిపోయింది.

మేస్త్రి తలుపు దాకా ఆమె నడక చూశాడు. వచ్చేటప్పటి నడకే.

యజమాని అచ్చు మీద అరచెయ్యి వేసి నిమిరాడు. "చూశారా మేస్త్రీ, గుడ్డుపెంకులా ఉంది."

మేస్త్రి కూడా నిమిరాడు. నిజమే, గుడ్డుపెంకే. మిగతా మూడూ రేపు చూద్దామని పక్కన పెట్టి, దీన్ని మాత్రం ఓవెన్ గదికి పంపించేశాడు.

* * *

ఇంటికెళ్ళేసరికి బావమరిది నిలువుటద్దం ముందు నిలబడి అద్దంతో చెయ్యి కలుపుతున్నాడు.

"చివరి నిమిషమే ముఖ్యం బావా. ఇవాళ వీడియోలో చెప్పారు. కళ్ళలోకి చూడాలి, చెయ్యి గట్టిగా పట్టుకోవాలి, కానీ నొప్పి పుట్టకూడదు. ఏదీ, ఓసారి ఇవ్వు."

మేస్త్రి చెయ్యి ఇచ్చాడు.

"ఒరేయ్, ఆయన చెయ్యి పట్టుకుని ఏం లాభం?" వంటింట్లోంచి మేస్త్రి భార్య. "ఆ చేత్తో ఇప్పటిదాకా ఒక్కడికి ఉద్యోగం ఇచ్చిందీ లేదు, నాకో గోడ మేకు కొట్టిందీ లేదు."

"నీకు తెలీదక్కా. పోయిన వారం ఇంటర్వ్యూలో నా ముగింపు అదిరింది. మేనేజరు లేచి నిలబడ్డాడు తెలుసా?"

"నువ్వు ఎప్పుడు లేస్తావా అని చూసి ఉంటాడు. మరి ఫోనేది?"

"వాళ్ళే చేస్తామన్నారు."

ఆ మాటకు మేస్త్రి కంచం ముందు తలొంచుకున్నాడు. బావమరిది సెల్‌ఫోను కంచం పక్కనే ఉంది, బోర్లా కాదు, వెల్లకిలా. ప్రతి ముద్దకూ ఓ చూపు దానికి పోతోంది. వారం నుంచీ అంతే. స్నానానికి వెళ్తే తలుపు బయట కుర్చీమీద పెట్టి, "మోగితే తలుపు కొట్టక్కా" అంటాడు. ముప్పయ్యేళ్ళ మనిషి.

"నువ్వే ఓసారి చేసి అడగొచ్చుగా," అన్నాడు మేస్త్రి.

"చులకనైపోతాం బావా. ఉద్యోగం లేక అల్లాడుతున్నాడనుకుంటారు."

"అల్లాడటం లేదూ?" అంది అక్క.

వాడు నవ్వలేదు. కూర కలపకుండానే తినేస్తున్నాడని మేస్త్రి గమనించాడు. ఎక్కడో ఒక గదిలో, తనలాంటివాడెవడో, మేమే కబురు చేస్తాం అనేసి గిన్నె కడుక్కుని వెళ్ళిపోయి ఉంటాడు. ఆ మాట వాడికి అంతటితో అయిపోయింది. ఇక్కడ ఈ కంచం పక్కన అదింకా నడుస్తూనే ఉంది.

* * *

బుధవారం పొద్దున ప్లాస్టర్ గది గోడకున్న ఫోను మోగింది. కౌంటర్లో అమ్మాయి గుసగుసగా మాట్లాడింది. "మేస్త్రిగారూ, నిన్నటి ఇంటర్వ్యూ ఆవిడ. సార్ లేరని చెప్పాను. సార్ కాదు, ప్లాస్టర్ గది మేస్త్రి కావాలంటోంది. మీరూ లేరని చెప్పనా?"

"ఇవ్వమ్మా."

"మేస్త్రిగారూ, నేను. ఉద్యోగం సంగతి అడగడానికి కాదండీ, అది శుక్రవారం కదా. నిన్న నేనో తప్పు చేశాను. అది చెబుదామని."

మేస్త్రి చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని బెంచీ మీద పెట్టాడు.

"రాత్రి కాళ్ళు పీకుతుంటే మోకాలి కింద రాసుకుంటున్నానండీ. బయటివైపు చిన్న ఎముక బుడిపె ఉంటుంది చూడండి, వేలు దానికి తగిలింది. ఆ చోట ప్లాస్టర్ అద్దాను, అద్దినట్టు గుర్తుంది. తర్వాత జాలీ పెట్టి రుద్దాను కదా, అక్కడ కూడా రుద్దేశాను. అద్దిందంతా పోయి ఉంటుంది. మీరిద్దరూ చూస్తారు, చూడ్డానికి బావుండాలి అని రుద్దానండీ. కాలి కోసం కాదు, మీ కోసం. మా పాత వర్క్‌షాపులో ఎప్పుడూ అలా చెయ్యలేదు. అక్కడ నన్నెవరూ చూసేవాళ్ళు కాదు."

మేస్త్రి చూపు ఓవెన్ గది వైపు పోయింది.

"పరీక్ష అచ్చే అయితే గొడవ లేదు. నాకు మార్కులు తగ్గించుకోండి, న్యాయమే. ఎవరిదైనా అయితే మాత్రం దయచేసి దానిమీద తొడుగు చెయ్యకండి."

"పరీక్ష అచ్చేనమ్మా," అన్నాడు మేస్త్రి.

"అమ్మయ్య. అయితే మంచిది. ఉంటానండీ."

ఫోను పెట్టేశాక కూడా ఆయన అక్కడే నిలబడ్డాడు. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో చూస్తున్నాడు. ఎక్కడా తగలలేదు, గరుకు లేదు. గుడ్డుపెంకు.

తర్వాత ఓవెన్ గదికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఆలస్యమైంది. ప్లాస్టిక్ అప్పటికే అచ్చు మీద పరుచుకుని, చల్లబడి, పాలమీగడ రంగుకు తిరిగింది. అచ్చు ఇంకా లోపలే ఉంది, పగలగొట్టలేదు. బయటివైపు, మోకాలి కింద, బొటనవేలు పెట్టి తడిమాడు. చదును. ఎత్తు ఉండాల్సిన చోట అద్దంలా చదును. నిన్న తనూ నిమిరాడు. తన వేలు అక్కడినుంచే పోయింది. నునుపు చూసి మెచ్చుకుంది గానీ, ఎముకను వెతకలేదు.

ఆ కాలు ఒక హాస్టల్ వంటాయనది. రేపు తొడిగి చూడటానికి వస్తాడు. భారీ మనిషి, రోజంతా పొయ్యి దగ్గర నిలబడి చేసే పని. ఇలాంటప్పుడు మామూలుగా చేసేది ఒకటుంది. ఆ చోట వేడిగాలి పెట్టి ప్లాస్టిక్‌ను కాస్త బయటికి నొక్కేస్తారు. ఎవరికీ తెలీదు. అక్కడ ప్లాస్టిక్ పలచబడుతుంది, అంతమంది అన్నం వండే మనిషి బరువు కింద ఎన్నాళ్ళు ఆగుతుందో దానికే తెలియాలి. మేస్త్రి వేడిగాలి యంత్రం చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని, మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. రంపం తీసి ప్లాస్టిక్‌ను పొడుగునా కోశాడు. కొత్త షీటు, పెద్ద చప్పుడు చేస్తూ రెండుగా విడిపోయింది.

ఆ చప్పుడుకే యజమాని వచ్చాడు.

"ఇదేంటి మేస్త్రీ, బంగారంలాంటి షీటు!"

"ఎముక చోటు చదునైపోయింది సార్. వంటాయనకు పుండు పడేది."

"మీరు చూసే పంపారుగా?"

"చూశాను. బావుందని చూశాను."

"మరిప్పుడెలా తెలిసింది?"

"చేసినావిడే ఫోన్ చేసి చెప్పింది."

యజమాని కోసిన షీటు అంచు పట్టుకుని చూశాడు. "ఆవిడకు పరీక్ష అచ్చని చెప్పాంగా."

"చెప్పాం. అయినా చేసింది."

"అదీ మరి. తన తప్పు తనే ఒప్పుకుంది. అలాంటి మనిషిని ఎలా తీసుకుంటాం చెప్పండి? మిగతా ముగ్గురూ శుభ్రంగా చేసిపోయారు."

మేస్త్రికి కోపం రావాల్సింది. రాలేదు. లేని ఉద్యోగానికి కూడా కారణం వెతుక్కునే మనిషి అవస్థ ఆయనకు అర్థమైంది, తనదీ అదే బాపతు కాబట్టి. యజమాని చెయ్యి పట్టుకుని బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి, మిగతా మూడు అచ్చుల మీద వరసగా ఆయన బొటనవేలు పెట్టించాడు. ఒకదాంట్లో మోకాటిచిప్ప కింద సరిపడా తీయలేదు. ఇంకోదాంట్లో ముందు ఎముక అంచు మీదే ఆకురాయి నడిచింది. మూడోది, మామయ్య ఉన్నవాడిది, ఫర్వాలేదు.

"వీళ్ళెవరూ ఫోన్ చెయ్యలేదు సార్."

యజమాని తన బొటనవేలికి అంటిన తెల్లపొడి చూసుకున్నాడు. "ఆవిణ్ణి పెట్టుకోమంటారు, అంతేగా?"

"అంతే సార్."

"చూద్దాం," అని వెళ్ళిపోయాడు.

* * *

గురువారం వంటాయన రెండు కమ్మీల మధ్య నిలబడ్డాడు. కాలికి, అదే అచ్చు మీద బుడిపె చోట మళ్ళీ ప్లాస్టర్ అద్ది మేస్త్రి చేయించిన కొత్త తొడుగు, దాని కింద ఇంకా రంగు వేయని గొట్టం, దాని కింద పాదం, పాదానికి ఆయన తెచ్చుకున్న పాత బూటు. మొదట కమ్మీలు పట్టుకుని, తర్వాత ఒక చెయ్యి వదిలి, తర్వాత రెండూ వదిలి అటూ ఇటూ నడిచాడు.

"పోయిన కాలికంటే ఇదే మాట వింటోందండీ. అది నా పెళ్ళాంలాగా, నేనొకటంటే తనొకటి చేసేది."

"నొప్పుంటే చెప్పండి. మొహమాటపడి బావుందనకండి."

"పొయ్యి దగ్గర నిలబడేవాడికి మొహమాటమేంటండీ. మాడితే మాడిందంటాను."

చాలాసేపు నడిపించాక కూర్చోబెట్టి, తొడుగు తీసి, మేస్త్రి ఆ మిగిలిన కాలిని దీపం కిందికి తిప్పాడు. చర్మం అబద్ధం చెప్పదు. బరువు పడాల్సిన మెత్తని చోట ఎర్రబడింది. బయటివైపు ఎముక బుడిపె దగ్గర మాత్రం చుట్టుపక్కల రంగే ఉంది, ఎవరూ ముట్టుకోనట్టు.

"మీ చెయ్యి మంచిదండీ," అన్నాడు వంటాయన.

"నాది కాదు. ఇంకొకరు చేశారు."

"ఎవరండీ? ఉన్నారా?"

"ఇక్కడ లేరు."

"అయ్యో. అయితే ఓ మాట చేరెయ్యండి. మా పనీ ఇంతే లెండి. బావుందని లోపలికొచ్చి చెప్పేవాడుండడు. గిన్నె ఖాళీ అయి వెనక్కొస్తే అదే మనకు కబురు. గిన్నె కూడా రాకపోతే, తిన్నారో పారబోశారో తెలీక చస్తాం."

మేస్త్రి తలెత్తేసరికి గుమ్మంలో యజమాని ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో. లోపలికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం దాకా మేస్త్రి ఎదురుచూశాడు. కబురు రాలేదు. చేతులు కడుక్కుని, గోళ్ళ సందుల్లోని ప్లాస్టర్ గీక్కుని, యజమాని గదికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. అది వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ. ఒక కాలు కాస్త పొట్టి. కూర్చున్నవాళ్ళందరూ ఎందుకు కదులుతూ ఉంటారో ఇన్నేళ్ళకు తెలిసింది.

"ఇవాళ శుక్రవారం సార్."

"చూద్దామన్నాను కదా మేస్త్రీ. నేనే చెబుతాను మీకు."

మేస్త్రి లేచాడు. కుర్చీ వెనక్కి జరిపాడు. తలుపు వైపు నడుస్తుంటే తన భుజాలు దిగిపోవడం, అడుగు బరువెక్కడం ఆయనకు స్పష్టంగా తెలిసింది. ఎంతమందిలో చూశాడో ఆ నడక. లోపలినుంచి చూడటం ఇదే మొదలు. గడియ మీద చెయ్యి వేసి ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"ఎప్పటికి సార్?"

యజమాని రాస్తున్నది ఆపాడు.

"వద్దన్నా చెప్పండి. ఆ మాటే ఆవిడకు చెబుతాను. శుక్రవారం అని చెప్పింది నేను కదా. ఎందుకు వద్దో అడిగితే అదీ చెప్పాలి. ఆ కాలు ఎవరిదో కూడా చెప్పాలి. మళ్ళీ పరీక్ష అచ్చు అనడానికి నోరు రాదు సార్."

"మీరెప్పుడూ ఇలా అడగలేదే."

"చేతకాలేదు సార్. మొన్ననే ఆవిడ అడుగుతుంటే చూశాను."

యజమాని కిటికీలోంచి బయటికి చూశాడు. చిన్నవాడు, తండ్రి పోయాక ఈ కుర్చీలోకి వచ్చినవాడు. ఆ తండ్రి కింద మేస్త్రి పని నేర్చుకున్నాడు. "ఇంకో మనిషంటే జీతం ఎక్కణ్ణుంచి తేవాలి మేస్త్రీ?"

"పాడైన షీట్లు తగ్గుతాయి. తిరిగొచ్చే కాళ్ళు తగ్గుతాయి. మిగతాది నాకు తెలీదు సార్. కానీ ఇంటర్వ్యూలు ఇక నేను పెట్టలేను."

యజమాని కలం బల్లమీద పెట్టి నవ్వాడు, పంటి కింద రాయి పడినవాడి నవ్వు. "నా గదిలో కూర్చుని నన్నే ఇంటర్వ్యూ చేశారు. సరే, రమ్మనండి. ఇంటర్వ్యూలు ఇక వద్దు."

* * *

మేస్త్రి గోడ ఫోను దగ్గరికి వెళ్ళేటప్పుడు తేలిగ్గా ఉన్నాడు. ఉద్యోగం చేతిలో పెట్టుకుని వెళ్తున్నాడు కదా. ఎవరైనా ఎగిరి గంతేస్తారు. విషయం చెప్పాడు.

అవతల ఎక్కడో బద్ద తడిపే నీళ్ళ చప్పుడు.

"వంటాయన కాలు అన్నారు," అంది ఆమె. "ఆయన నడిచారా?"

"నడిచాడు."

"బుడిపె దగ్గర?"

"ఏమీ లేదు. పక్క చర్మం రంగే."

ఆమె ఊపిరి వదలడం వినబడింది. "అది ఎవరిదీ కాదన్నారు కదండీ. సార్ అన్నారు, తర్వాత మీరూ అన్నారు."

"అబద్ధం చెప్పాం. ఫోనులో చెప్పింది నా సొంత అబద్ధం. మీరు అంత నిజం చెప్పాక చెప్పాను."

"నాకంటే ముందు వచ్చినవాళ్ళకీ ఇదేనా?"

"ఇదే."

"ఇక మీదట?"

"ఉండదు. సార్ ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోయినా నేను చెయ్యను."

"మేస్త్రిగారూ," అంది, మెల్లగా, ఆయన మనసు ఎక్కడ నొచ్చుకుంటుందో అని చూసుకుంటున్నట్టు. "నాకు ఉద్యోగం చాలా అవసరం. అందుకే ఇప్పుడే సరేననకూడదు. ఆలోచించుకోవాలి. రేపు సాయంత్రం లోపు నేనే చెబుతాను. వద్దనుకున్నా చెబుతాను."

"నేనే చెబుతాను" అన్న మాట చెవిలో పడగానే మేస్త్రికి నవ్వొచ్చింది. తన సెల్ నంబరు ఇచ్చాడు. రెండుసార్లు చదివించుకున్నాడు.

శనివారం పని ఒంటిపూటే. ఇంటికొచ్చి ఫోను బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు, వెల్లకిలా. పేపరు తెరిచాడు, మూశాడు. స్నానానికి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, ఫోను కూడా తీసుకుని, తలుపు దగ్గర ఆగిపోయాడు.

"మోగితే కొట్టనా?" అంది భార్య. "కొత్తగా మొదలెట్టారే మేస్త్రిగారూ. ఇన్నాళ్ళూ ఇంట్లో ఒక్కడే అనుకున్నాను."

బావమరిది ఆరుబయట బట్టలు ఆరేస్తున్నాడు, ఈల వేసుకుంటూ. వాడి ఫోను ఎక్కడుందో వాడికే తెలిసినట్టు లేదు.

"నీ సంగతేంట్రా?"

"ఫోన్ చేశా బావా, నిన్న రాత్రి నువ్వు నేర్పినట్టే. వద్దన్నా చెప్పండీ అన్నా. వద్దనే చెప్పారు." తడిచొక్కా ఫట్మని దులిపాడు. "ఎవరినో పోయిన వారమే తీసేసుకున్నారట. నేను వారం నుంచి తిన్నదేదీ ఒంటబట్టలేదు. ఇవాళ అక్క కూర మొదటిసారి రుచి తెలిసింది. ఉప్పెక్కువ."

"ఆ వారమే నయం," అంది అక్క.

మేస్త్రి నవ్వి, స్నానం మానేసి మళ్ళీ కూర్చున్నాడు. ఎండ గోడమీదినుంచి దిగుతోంది. ఆమె వద్దంటుందేమో. అనడానికి ఆమెకు హక్కుంది, కారణమూ ఉంది. అవసరం ఉన్న మనిషి కూడా తనను ఇలా కూర్చోబెట్టగలిగిందని తలుచుకుంటే చిన్నతనంగా అనిపించలేదు, గౌరవంగా అనిపించింది. ఇన్నాళ్ళలో ఎంతమందిని తను ఇలా కూర్చోబెట్టాడో, వాళ్ళలో ఎవరికీ ఈ చివరి మర్యాద దక్కలేదు. వాళ్ళ ఎదురుచూపుకు సాయంత్రం అనేది రాలేదు.

ఇంకా వెలుగుండగానే ఫోను మోగింది. మేస్త్రి ఒక్క గంతులో లేచాడు. చేతులకు ప్లాస్టర్ లేకపోయినా తువ్వాలుతో తుడుచుకున్నాడు. తువ్వాలు జారిపోయింది. బావమరిది ఈల ఆపేశాడు.

"చెప్పండమ్మా."

"సాయంత్రం లోపు అన్నాను కదండీ," అంది ఆమె. "సోమవారం వచ్చేటప్పుడు, నా ఆకురాయి నేను తెచ్చుకోవచ్చా?"